చుక్కకు తాయిలం

గుమ్మడి ముక్కలు ఉడుకుతున్నాయి.

ఉప్పు లేదు. నూనె లేదు. వట్టి నీళ్ళు, సన్నని మంట, మూత కింద మెల్లని కుతకుత...

కిటికీ అద్దానికి బయట మంచు. లోపల ఆవిరి. ఏ వైపు తుడిస్తే వీధి కనిపిస్తుందో తెలియని ఉదయం.

ఆమె గిన్నె దించి, ముక్కల్ని పళ్ళెంలో ఆరబోసింది. చాకు తీసింది. పక్కనే స్కేలు పెట్టుకుంది.

నవ్వు రావచ్చు గానీ, స్కేలే.

ఆమెది బైండింగు పని. లైబ్రరీ వాళ్ళు పంపే చిరిగిన పుస్తకాలను ముందుగదిలో బల్ల మీద విప్పుతుంది, కుడుతుంది, కొత్త అట్ట వేసి పంపిస్తుంది. పదిహేనేళ్ళుగా కొలవకుండా దేన్నీ కోసి ఎరగదు. గుమ్మడి ముక్కైనా అంతే. బఠానీ గింజంత ఉండాలి. అంతకు మించకూడదు.

కాళ్ళ దగ్గర చుక్క కూర్చుని పైకి చూస్తోంది.

నల్లటి ఒళ్ళు. నుదుటి మీద ఒకే ఒక్క తెల్లమచ్చ. మూడు నెలల వయసు. ఒక చెవి నిలబడటం నేర్చుకుంది, రెండోది ఇంకా నేర్చుకోలేదు.

ముద్దు కోసం తెచ్చుకున్న కుక్కపిల్ల కాదు అది. అమ్మ కోసం తెచ్చింది.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ గేటు తీసుకుని వెళ్ళిపోయింది. కూతురు బల్ల మీద వంగి దారం లాగుతోంది. గడియ చప్పుడు చెవిన పడలేదు. తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీ. చెప్పులు అక్కడే ఉన్నాయి. మనిషి లేదు.

చీకటి పడేముందు దొరికింది. నాలుగు వీధుల అవతల, మూతపడిన ఒక దుకాణం మెట్ల మీద, ఉత్త కాళ్ళతో.

ఒకప్పుడు అది మందుల షాపు. ముప్ఫై ఏళ్ళు అమ్మ ఆ కౌంటరు వెనక నిలబడింది. ఏ మందు ఎంత, ఏ వయసుకు ఎంత, ఏ మందు పక్కన ఏ మందు పడకూడదు... అన్నీ నోటికి వచ్చు. డాక్టరు చీటీలో తప్పు రాస్తే, డాక్టరుకే ఫోన్ చేసి అడిగేది.

"ఇంకా తాళం తియ్యలేదేంటమ్మా? జనం వచ్చేస్తారు," అంది అమ్మ ఆ రోజు, కూతుర్ని చూసి.

షాపు మూసి పదేళ్ళు. జనం ఎవరూ రాలేదు. ఆకులు మాత్రం ఒక్కొక్కటే వచ్చి మెట్ల మీద వాలుతున్నాయి.

అలా వచ్చింది చుక్క.

గేటు గడియ కదిలితే మొరగాలి. అంతే. అదొక్కటి నేర్పితే చాలు.

అయితే అక్షరాలు రాకుండా చదువు రాదు కదా. ముందు 'రా' నేర్పాలి. తర్వాత 'కూర్చో'. ఆ తర్వాతే గేటు. నేర్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఊరికే నేర్చుకోవడానికి చుక్కకేం పట్టింది?

మొదట దుకాణంలో బిస్కెట్లు కొన్నది. ఎముక ఆకారంలో, ఎర్రగా, ఘాటైన వాసనతో. చుక్క వాటి కోసం ఒళ్ళంతా తోక చేసుకుని ఊగింది. రెండో రోజుకు కడుపు చెడింది. మూడో రోజు పెరట్లో ఓ మూల ముడుచుకుని పడుకుంది, పిలిస్తే కళ్ళు మాత్రం తిప్పి చూసింది.

పశువుల డాక్టరు పెద్దమనిషి. గొంతు పెద్దది, చేతులు మెత్తనివి. చుక్క పొట్ట తడుముతూ చెప్పాడు.

"పెద్ద ముక్క పెడితే మీకు తృప్తమ్మా, దానికి కాదు. దానికి ఎంత పెట్టారన్నది లెక్కలోకి రాదు, ఎన్నిసార్లు పెట్టారన్నదే లెక్క. బఠానీ గింజంత చాలు. ఇవన్నీ కలిపి దాని రోజు తిండిలో పదో వంతు దాటకూడదు."

"ఏం పెట్టమంటారు?"

"ఇంట్లో ఉన్నవే. ఉడికించిన క్యారెట్, గుమ్మడికాయ. గింజలు తీసేసిన ఆపిల్. గుడ్డు తెల్లసొన. ఉప్పు వెయ్యని కోడిమాంసం. ఒక్కోటీ కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి." చెయ్యి ఆపి, ముఖం ఆమె వైపు తిప్పాడు. "పెట్టకూడనివి మాత్రం రాసుకోండి. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి. ద్రాక్షపళ్ళు. కిస్‌మిస్ అసలు వద్దు. మనకి బలం, వీటికి విషం. ఏ కుక్కకి ఎన్ని పడతాయో ఎవరూ చెప్పలేరు."

ఆమె రాసుకుంది. ఇంటికొచ్చి మంచి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసింది. ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

ఎడమవైపు పెట్టవలసినవి. కుడివైపు పెట్టకూడనివి.

ఇక పరీక్షలు మొదలయ్యాయి.

క్యారెట్ ఇస్తే చుక్క దాన్ని బంతిని చేసి మంచం కిందికి తోసింది. ఆపిల్ కొరికి, ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టింది. కోడిమాంసం వాసనకు మతి పోయి, 'కూర్చో' అంటే పడుకుంది, 'రా' అంటే దొర్లింది, వచ్చిన చదువు కూడా మరిచిపోయింది. తెల్లసొన చేతికి అంటుకుని, ఆమె వేళ్ళు నాకడంతోనే పాఠం అయిపోయింది.

గుమ్మడికాయ దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంది.

నోట్లో పెట్టుకుని, నిమ్మళంగా కళ్ళు మూసుకుని, మింగి, మళ్ళీ కళ్ళు తెరిచి... బుద్ధిగా కూర్చుంది. ఇంకా ఉందా అన్నట్టు.

అమ్మ పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

అప్పటినుంచి ప్రతి పొద్దునా అదే వరుస. మంచు. ఆవిరి. గుమ్మడి ముక్కలు. అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి అట్టముక్క చదివేది. మందు చీటీ చదివినట్టు, వేలు పెట్టి, వరుస తప్పకుండా.

"కిస్‌మిస్ వద్దు," అని చదివి, తల ఊపేది. "నిజమే. ఎవరు పెడతారు కిస్‌మిస్?"

ప్రతి పొద్దునా.

అమ్మకు రక్తం తక్కువ. రోజూ కాసిని కిస్‌మిస్ తినమని అమ్మను చూసే డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే చిన్న గిన్నెలో పది పోసి అమ్మ చేతికి ఇచ్చేది కూతురు. అమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తినేది. తింటోందనే ఆమె అనుకుంది.

కొన్ని స్వెటరు జేబులోకి వెళ్తున్నాయని తెలియదు.

వద్దని రాసిందీ ఆమే. రోజూ పది పోసి ఇచ్చిందీ ఆమే. ఆ రెండు కిస్‌మిస్‌లూ ఒకటేనన్న సంగతి ఆమెకు ఒక్కరోజైనా తట్టలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. చాలా రోజుల తర్వాత.

ఆమె ఒక లావుపాటి పుస్తకం కుడుతోంది. సగంలో వదిలితే దారం బిగువు పోతుంది. అందుకే చేతులు ఆపలేదు. చెవులు మాత్రం లోపలి గదిలో పెట్టింది.

"రా," అంటోంది అమ్మ.

చిన్న గోళ్ళ చప్పుడు, నేల మీద.

"కూర్చో."

గోళ్ళ చప్పుడు ఆగింది.

"మంచిపిల్లవి."

ఆమె సూది పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. కిటికీ పక్కన అమ్మ, అమ్మ ముందు చుక్క. ఎండ ఇద్దరి మీదా పడుతోంది. చుక్క వీపు నిటారుగా ఉంది. నిలబడని చెవి కూడా ఆ క్షణాన నిలబడినట్టే ఉంది. అమ్మ చెయ్యి జేబులోకి వెళ్ళింది, పైకి వచ్చింది, కిందికి వంగింది.

తను నేర్పినట్టే. సరిగ్గా తను నేర్పినట్టే.

పూర్వం షాపుకు వచ్చే పిల్లలు చేదు మందు మింగితే, అమ్మ కౌంటరు మీద నుంచి వంగి వాళ్ళ చేతిలో ఏదో పెట్టేది. ఇలాగే వంగేది. ఆ అమ్మ తిరిగి వచ్చినట్టనిపించింది. కదిలిస్తే చెదిరిపోతుందని, అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళింది.

వెళ్ళి, మిగిలిన వరుస కుట్టింది.

చివరి ముడి వేసింది. దారం కత్తిరించింది.

మళ్ళీ లోపలికి వచ్చేసరికి అమ్మ కునుకు తీస్తోంది. చుక్క కుర్చీ కింద నేల నాకుతోంది. దాని ముక్కు ముందు, ఎండలో, ముడతలు పడిన చిన్న నల్లటి గింజ ఒకటి.

ఆమె వంగి తీసింది.

వేళ్ళ మధ్య నొక్కి చూసింది.

మెత్తగా, జిగురుగా ఉంది.

అమ్మ స్వెటరు జేబు తిరగేసింది. మూడు రాలాయి. ఎన్ని పోయాయో తెలియదు. ఎన్ని రోజులవి దాచిందో తెలియదు. చుక్కను ఒళ్ళో వేసుకుని, పక్కింటావిడను అమ్మ దగ్గర కూర్చోబెట్టి, చెప్పులు మరిచి పరిగెత్తింది.

"ఎన్ని తిన్నది?" అన్నాడు పశువుల డాక్టరు.

"తెలీదండి."

"ఎంతసేపైంది?"

దానికి మాత్రం జవాబు ఉంది. ఒక వరుస కుట్టినంతసేపు. ఒక ముడి వేసినంతసేపు. గుమ్మంలో నిలబడి మురిసిపోయినంతసేపు.

"అరగంట," అంది. "ఇంకాస్త ఎక్కువేమో."

వాంతి చేయించారు. ముందరి కాలి మీద బొచ్చు గొరిగి, గులాబి రంగు చర్మంలోకి సూది గుచ్చి, సెలైన్ ఎక్కించారు. మూడు రోజులు అక్కడే ఉండాలన్నారు. మూత్రం వస్తోందా లేదా అన్నదే చూడాలట. మిగతాది అది చూసుకోవాలట, ఆ నాలుగున్నర కిలోల ప్రాణం.

బోనులో పడుకోబెడుతుంటే చుక్క లేచింది. తూలింది. ఆమె వైపు తిరిగి, కాళ్ళు వణుకుతూ...

కూర్చుంది.

ఎవరూ కూర్చోమనలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది.

"చుక్కేదీ?"

"ఆస్పత్రిలో ఉందమ్మా. కిస్‌మిస్ తిన్నది."

అమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "అయ్యో తల్లీ. ఎవరు పెట్టారు?"

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ మీద టీ పెట్టింది. టీ పొంగేలోపల మళ్ళీ వినిపించింది.

"చుక్కేదీ?"

చెప్పింది. మళ్ళీ చేతులు చెంపల మీదికి వెళ్ళాయి. మళ్ళీ అదే అయ్యో. అప్పుడే విన్నట్టు. అప్పుడే గుండె జారినట్టు.

అమ్మకు ప్రతిసారీ అది మొదటిసారే.

నాలుగోసారో, అయిదోసారో... "ఎవరు పెట్టారే, బుద్ధిలేని వాళ్ళు?" అంది అమ్మ.

అప్పుడు అనేసింది.

"నువ్వేనమ్మా. నీ చేత్తో నువ్వే పెట్టావు. ఆ చేతులతోనే."

గదిలో గడియారం నడుస్తోంది. కిటికీ బయట గాలికి ఎండుటాకు ఒకటి అద్దానికి కొట్టుకుని, జారి, పడిపోయింది.

అమ్మ ముఖంలో ఏదో సర్దుకుంది. నడుము నిటారు చేసింది. కౌంటరు వెనక నిలబడినట్టు, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించింది.

"ఎన్ని?"

"తెలీదు."

"దాని బరువెంత?"

"నాలుగున్నర కిలోలు."

అమ్మ పెదవులు కదిలాయి. లెక్క కడుతోంది. ఎన్నేళ్ళ తర్వాతో, ఆ కళ్ళలో పాత వెలుగు. ఇలాంటి సమయంలో వచ్చిందేం ఆ వెలుగు... 

"ఒకటైనా ఎక్కువే," అంది చివరికి. నెమ్మదిగా, తప్పు చీటీ పట్టుకున్నప్పటి గొంతుతో. "నేనెలా ఇచ్చాను? నేను చూసుకోకుండా ఎప్పుడూ ఏదీ ఇవ్వలేదే..."

అమ్మ ఏడవలేదు. కూతురు ఏడ్చింది.

టీ చల్లారిపోయింది.

"చుక్కేదీ?" అంది అమ్మ.

"పెరట్లో ఆడుకుంటోందమ్మా."

"చలిగా ఉంది. లోపలికి పిలువు."

"పిలుస్తాను."

ఆ మూడు రోజులూ అదే అబద్ధం చెప్పింది. ఆడుకుంటోంది. పడుకుంది. ఇప్పుడే తిన్నది. అమ్మ నమ్మింది. నవ్వింది కూడా.

కానీ కుళాయి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది.

సబ్బు తీసుకుంటుంది. వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, మణికట్టు దాకా తోముతుంది. తుడుచుకుంటుంది. కుర్చీలో కూర్చుంటుంది. అరచేతులు తిప్పి చూసుకుంటుంది. మళ్ళీ లేస్తుంది.

"ఏమంటుకుందమ్మా?"

"ఏమో. పోవట్లేదు."

మాట మరిచిపోయింది. మనిషిని మరిచిపోయింది. ఎందుకో మరిచిపోయింది. చేతులు మాత్రం మరిచిపోలేదు... 

నాలుగో రోజు చుక్క ఇంటికి వచ్చింది.

పొట్ట లోపలికి పోయి, పక్కటెముకలు బయటికి వచ్చాయి. గొరిగిన కాలి మీద దూది, పట్టీ. నుదుటి మీద మచ్చ మాత్రం అంతే తెల్లగా ఉంది.

"బతికిందనే అనుకోండి," అన్నాడు డాక్టరు. "మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి. ఎంతన్నది ముందుముందు తెలుస్తుంది. ఇక దాని నోట్లోకి ఏం వెళ్తోందో ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి." దాన్ని ఆమె చేతుల్లో పెట్టి, కాస్త గొంతు తగ్గించాడు. "ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారు. మీరేమో పనిలో ఉంటారు. ఇంకెవరికైనా ఇస్తే దానికి నయమేమో... ఆలోచించుకోండి. నా దగ్గర అడిగినవాళ్ళు ఉన్నారు."

ఆమె ఆలోచించుకుంటానంది.

కిస్‌మిస్ డబ్బా అప్పటికే ఇంట్లోంచి పోయింది. గేటుకు తాళం పడింది. తాళం వేసే చప్పుడు అమ్మకు వినపడకుండా ఆమె కుళాయి తిప్పి వచ్చింది ఆ రోజు. మొరిగే పాఠంతో ఇక పని లేదు. అలా చూస్తే చుక్కతో కూడా పని లేదు.

ఇంటికొచ్చి కింద దించగానే చుక్క ముందుగది దాటింది, బల్ల దాటింది, కుంటుతూ నేరుగా కిటికీ పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళింది. అమ్మ ముందు కూర్చుంది. వీపు నిటారుగా.

అమ్మ చూసింది.

"ఎవరిదీ కుక్కపిల్ల? బాగుందే."

"మనదేనమ్మా."

"మనదా?" అమ్మ ముఖం విచ్చుకుంది. చెయ్యి ముందుకు వచ్చింది. సగం దాకా వచ్చింది.

ఆగింది.

వెనక్కి వెళ్ళింది. రెండో చెయ్యి కూడా. రెండూ వీపు వెనక, కుర్చీకీ ఒంటికీ మధ్య దాక్కున్నాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చుక్క వచ్చి కూర్చుంటుంది. అమ్మ చేతులు వెనక్కి వెళ్తాయి. చుక్క ఎదురుచూస్తుంది. అమ్మ చుట్టూ చూస్తుంది, ఎవరైనా వచ్చి ఆ చిన్నదానికి ఏదైనా పెడితే బాగుండునన్నట్టు.

ఇవాళ ఆమె గుమ్మడి ముక్కలు కోసి, చల్లారాక గిన్నెలో వేసుకుని కుర్చీ దగ్గరికి వచ్చింది. బల్ల మీద కుట్టవలసిన పుస్తకం విప్పి ఉంది. ఉండనీ.

"చెయ్యి చాపమ్మా."

"వద్దు."

"గుమ్మడికాయే. ఉడకబెట్టాను. డాక్టరు పెట్టమన్నదే. ఏం కాదు."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వు పెట్టు. నా చేతులు మంచివి కావు."

గిన్నె ఆమె చేతిలో ఆగిపోయింది.

"ఎవరన్నారమ్మా?"

అమ్మ నుదురు ముడిపడింది. ఎక్కడో దూరాన, మంచులో, ఎవరో నిలబడి ఉన్నట్టు, ఆ ముఖాన్ని పోల్చుకోవాలని చూస్తున్నట్టు... 

"ఎవరో అన్నారు," అంది. "తెలిసినవాళ్ళే."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది, చుక్క పక్కన.

వాళ్ళు అన్నది తప్పమ్మా, అందామనుకుంది. ఆ అన్నది నేనేనమ్మా, అందామనుకుంది. చెబితే అమ్మ వింటుంది. అయ్యో అంటుంది. ఊరుకోవే, పోనీలే, అని తల నిమురుతుంది కూడా. టీ చల్లారేలోపు ఆ మాట పోతుంది. చేతుల్లో దిగిన మాట మాత్రం...

బఠానీ గింజంత ముక్క ఒకటి తీసింది. పసుపుపచ్చగా, మెత్తగా, ఇంకా కొద్దిగా గోరువెచ్చగా ఉంది. తన అరచేతిలో పెట్టుకుని, అమ్మ మోకాలి మీద ఆ చెయ్యి ఆనించింది. తెరిచే ఉంచింది.

చుక్క ముక్కను చూసింది. అమ్మను చూసింది.

తీసుకోలేదు.

అమ్మ ఒళ్ళు కొద్దిగా కదిలింది. వీపు వెనక నుంచి ఒక చెయ్యి, వేళ్ళు ముడుచుకునే, పక్కకు వచ్చింది. కుర్చీ చెక్క మీద ఆగింది. కడిగి కడిగి ఎర్రబడిన చెయ్యి.

ఇంకా రాలేదు. వెనక్కీ పోలేదు.

చుక్క తోక నేలను ఒకసారి ఊడ్చింది. ఆగింది.

మళ్ళీ ఒకసారి ఊడ్చింది...